పెద్దమ్మ నాలుక

నాదబంధం పడిన ముప్పై తొమ్మిదో రోజు, పొద్దు పొడిచిన నాలుగు గడియలకు, సువేల రాజ్యాన్ని ఏలే విక్రాంతమల్లుడు తన మీసం తనే గొరుక్కున్నాడు. రెండు చోట్ల తెగింది. ఆ వంశంలో అంతకు ముందు పదిమంది రాజులయ్యారు. వారిలో కత్తి పట్టనివాడు లేడు. మంగలికత్తి పట్టినవాడు మాత్రం ఇతడొక్కడే.

మంగలి లేక కాదు. ఆస్థాన మంగలి కోటలోనే ఉన్నాడు. కానీ పీఠం వెలివేసిన మనిషిని ముట్టుకున్నవాడికీ వెలి తప్పదు. అందుకని అతడు గుమ్మం అవతల నిలబడి, "ఎడమ పక్క ఇంకాస్త, దొరా. పైకి కాదు, కిందికి లాగండి. అయ్యో, కిందికి" అని చెప్పడంతో సరిపెట్టాడు.

గొడవ తుంగపాడు మఠం దగ్గర మొదలైంది. ఆ మఠం పెద్ద చనిపోయాడు. కొత్త పెద్ద చేతికి దండం ఎవరు అందించాలన్నది ప్రశ్న. మఠం నేల తనది కనుక తానే ఇస్తానని రాజు అన్నాడు, ఇచ్చాడు కూడా. మఠం మంత్రం తమది కనుక ఇవ్వవలసింది తామేనని ఏనుగుమల పీఠాధిపతి నిశ్చలానంద మహాగురువు అన్నారు. ఆయనా ఒకరికి ఇచ్చారు. తుంగపాడులో ఇప్పుడు ఇద్దరు పెద్దలు, రెండు దండాలు ఉన్నాయి. వారిద్దరూ రోజూ ఒకే అరుగు మీద, వీపులు ఆనించుకుని కూర్చుంటున్నారు.

వారం తిరక్కుండానే మహాగురువు రాజును వెలివేసి, రాజ్యానికి నాదబంధం వేశారు. అంటే ఎక్కడా గంట మోగరాదు. గంట లేనిదే పెళ్లి లేదు, ఊరేగింపు లేదు, సంత తెరవరు. పీఠం భటులు రాజధాని కంకణపురంలో నూట ఎనిమిది గంటల లోపల వేలాడే నాలుకలు ఊడదీసి, బుట్టలకెత్తుకుని ఏనుగుమలకు పోయారు. నలభై రోజులు గంట మోగని రాజు రాజు కాడని ఆచారం. నలభయ్యో రోజు పొద్దు కుంకితే మహాగురువు ఎవరి పేరు చెబితే వాడు సింహాసనమెక్కుతాడు. ఆయన ఇంకా ఎవరి పేరూ చెప్పలేదు. ఆయన తమ్ముడి కొడుకు మాత్రం పది రోజులుగా ఏనుగెక్కడం నేర్చుకుంటున్నాడు.

కోట బురుజు మీద ఉన్న పెద్ద గంటను జనం పెద్దమ్మ అంటారు. దాని కింది రాతి మీద ఒక వాక్యం చెక్కి ఉంది: "గురుదండం తాకిన నాలుకతో మోగినదే మోత." కొత్త నాలుక పోత పోయడం కంచరికి మూడు రోజుల పని. దానికి మహాగురువు దండం తాకించడం ఎలాగన్నదే చిక్కు.

ఆ చిక్కు విప్పింది కంచరి మాచమ్మ. ఆమెకు నలభై రెండేళ్లు. పెద్దమ్మను పోసింది ఆమె తండ్రి.

"మా అయ్య పోసిన గంట దొరా అది" అంది రాజుతో. "దాని నాలుక ఊడబీకి వంకాయల బుట్టలో వేసుకుపోతారా? మీ సింహాసనం సంగతి మీరు చూసుకోండి. నా గంట నాకు మోగాలి."

ఆమె చెప్పిన ఉపాయం ఇది. ఏటా ఒకసారి పీఠంలో పొయ్యి దీవెన జరుగుతుంది. మహాగురువు పాకశాలకు వచ్చి అక్కడి పనిముట్లన్నిటికీ దండం తాకిస్తారు. ఈ ఏడు అది నలభయ్యో రోజు ఉదయమే వచ్చింది. ముందు రోజు కంచరుల నుంచి ఇద్దరు వెళ్లి వంటపాత్రలకు కళాయి పూసి రావడం వాడుక. మాచమ్మ కొత్త నాలుకను మూరెడు పొడవున, పచ్చడి బండ ఆకారంలో పోసింది. పసుపు రంగు కంచు కనబడకుండా పైన కళాయి పూసింది. పాత్రల వరసలో దీన్నీ పెడితే సరిపోతుంది.

"కళాయి రంగుకే కాదు దొరా" అంది. "వట్టి కంచుకు పులుపు తగిలితే చిలుము పుడుతుంది. చిలుము కడుపులోకి పోతే మనిషి లేవడు. ఈ పూత మూడు నూరుళ్లు ఆగుతుంది. నాలుగోది ఆగదు. అయినా దీంతో ఎవరు నూరబోతారు లెండి, వరసలో పెట్టడానికేగా."

ఆమెతో వెళ్లవలసింది ఆమె మేనల్లుడు పుల్లడు. సంగతి తెలిశాక పుల్లడు పక్క రాజ్యానికి వెళ్లిపోయాడు. అతడి గోచి పంచె, తలగుడ్డ, బొగ్గుల సంచి మిగిలాయి. రాజు మీసం తీసి అవి కట్టుకున్నాడు.

కంకణపురానికి, ఏనుగుమలకు మధ్య మూడు కోసుల దూరం. ఇద్దరూ నడిచి వెళ్లారు.

"నన్ను ఏమని పిలుస్తావు?" అన్నాడు రాజు.

"మేనల్లుణ్ని ఏమని పిలుస్తారు? ఒరే పుల్లిగా."

రాజు తల ఊపాడు. వంద అడుగులు నడిచాక మాచమ్మ వెనక నుంచి పిలిచింది. "ఒరే పుల్లిగా!" రాజు ఆగలేదు. "ఒరే, నిన్నేరా!"

"నన్నా?"

"కాదు, ఆ గాడిదని. ఈ మూట అందుకో."

రాజు మూట అందుకున్నాడు. అందులో కొలిమి తిత్తి, తగరం, నవాసారం, పచ్చడి బండ వేషంలో ఉన్న నాలుక ఉన్నాయి. "బరువుగా ఉంది" అన్నాడు.

"బరువుగా ఉంది అత్తా, అనాలి."

"బరువుగా ఉందత్తా."

"మోయి."

ఏనుగుమల పీఠానికి ఏడు ప్రాకారాలు. మొదటిది మట్టిది, రెండోది ఇటుకది, తక్కినవి రాతివి. ఏడో ప్రాకారపు గుమ్మానికి బంగారు రేకు తాపారు. శిఖరం మీద కలశాలు ఇరవై ఒకటి. నడవలో స్తంభాలు నూట నలభై నాలుగు, స్తంభానికో రాతి ఏనుగు, ఏ రెండు ఏనుగుల తొండాలూ ఒక్క వంపు తిరిగి ఉండవు. కింది నుంచి మూడు వందల అరవై మెట్లు. ప్రతి మెట్టు మీదా దాని దాత పేరు చెక్కి ఉంటుంది. పద్నాలుగో మెట్టు మీద విక్రాంతమల్లుడి తాత పేరుంది. రాజు ఆ మెట్టు మీద కాలు పెట్టకుండా పదిహేనోదాని మీదికి అంగ వేశాడు.

"వెనక్కి రా" అంది మాచమ్మ మెల్లగా. "తొక్కి ఎక్కు. పుల్లడికి చదువు రాదు."

రాజు వెనక్కి దిగి, తాత పేరు తొక్కి, మళ్లీ ఎక్కాడు.

మొదటి గుమ్మం దగ్గర పీఠం మాంత్రికుడు శంబరాక్షుడు పీట వేసుకుని కూర్చున్నాడు. అతడి ముందు ఒక రాగి పాత్ర ఉంది. దాని పేరు నిజపాత్ర. అందులో నీళ్లు పోసి మనిషిని వంగమంటే వేషం కాక అసలు రూపం కనబడుతుంది. ఆ ఏడాది అది సన్యాసి వేషంలో ఉన్న ఒక దొంగను, దొంగ వేషంలో ఉన్న ఒక సన్యాసిని పట్టింది. లోపలికి వెళ్లే ప్రతివాడూ దాని మీద వంగాలి. ఈ కొత్త కట్టడి నాదబంధంతో పాటే మొదలైంది. మాచమ్మకు ఈ సంగతి తెలియదు.

వారి ముందు ఏడుగురున్నారు. ఒక్కొక్కరు వంగినప్పుడల్లా పక్క నుంచి శంబరాక్షుడూ వంగి చూస్తున్నాడు. నలుగురు దాటారు. మాచమ్మ మెడ చాచి నీళ్లలోకి చూసింది. ఐదోవాడైన కట్టెలవాడి ముఖం పక్కన మాంత్రికుడి ముఖం ఉండవలసిన చోట ఒక నక్క ముఖం ఉంది.

మాచమ్మ వరస దాటి ముందుకు పోయింది.

"అయ్యగోరూ, దండాలు. కళాయి పనికి వచ్చిన కంచరిదాన్ని. మీ పాత్రకు చిలుము పట్టిందండీ."

"నిజపాత్రకు చిలుము పట్టదు. వరసలో నిలబడు."

"రాగికి పట్టని చిలుమా! ఇప్పుడే చూశా. మీరు వంగితే నక్క కనబడుతోంది."

శంబరాక్షుడు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నీకూ కనబడిందా?"

"చెవులతో సహా."

"పదేళ్లుగా ఇంతే" అన్నాడు మాంత్రికుడు. "ఎవరితోనూ అనలేదు. చిలుమే అంటావా?"

"చిలుము కాకపోతే మీలాంటి వారికి నక్కేమిటండీ? చింతపండు, ఉప్పు, బూడిద పెట్టి తోమితే అరగడియ పని. నాకేం ఇవ్వక్కర్లేదు, పీఠం సేవ."

శంబరాక్షుడు నీళ్లు పారబోశాడు. మాచమ్మ నేల మీద చతికిలబడి తోమడం మొదలుపెట్టింది. "ఒరే పుల్లిగా, నోరు తెరుచుకుని చూస్తావేం? మూట లోపల పడేసి కొలిమి రాజెయ్" అని కసిరింది. రాజు గుమ్మం దాటి లోపలికి పోయాడు. ఎవరూ ఆపలేదు.

పాత్ర తళతళలాడాక మాచమ్మ దాన్ని మాంత్రికుడి ఒళ్లో పెట్టింది. "పచ్చి మీద నీళ్లు పోస్తే మళ్లీ పడుతుంది. రేపు సాయంత్రం దాకా ఆరనివ్వండి."

"రేపు సాయంత్రం" అన్నాడు శంబరాక్షుడు. పాత్రను ఉత్తరీయంతో తుడిచాడు.

పాకశాలలో పద్దెనిమిది పొయ్యిలు, పద్దెనిమిది మంది వంటవాళ్లు ఉన్నారు. వారికి పెద్ద గుండయ్య. అతడి గరిటె కాడ నాలుగు జానలు. అది కూర కలపడానికీ, మనుషుల్ని పిలవడానికీ ఒకటే. మాచమ్మ కొలిమి పెట్టి గుండిగలు, గంగాళాలు, బూరెల మూకుళ్లు ఒక్కొక్కటే కళాయి పూసి ఇచ్చింది. రాజు వాటిని మోసుకుపోయి గోడ పక్కన వరసగా పేర్చాడు. మధ్యలో ఎక్కడో నాలుకనూ పెట్టాడు. అంతా సవ్యంగానే ఉంది.

పొద్దు వాలే వేళకు గుండయ్య గరిటెతో రాజు భుజం మీద తట్టాడు. "ఏరా, ఆ రోలు పక్కన రాతి బండ ఉంది చూడు. అదీ తెచ్చి వరసలో పెట్టు. జాగ్రత్త."

రాజు ఇరవై మూడేళ్ల జీవితంలో ఈటె విసిరాడు, గుర్రాన్ని లొంగదీశాడు. నూనె అంటిన రాతి బండను ఎత్తలేదు. అది చేతిలో నుంచి జారి నేల మీద పడి రెండు ముక్కలైంది.

పద్దెనిమిది మందీ పని ఆపారు.

"నలభై ఏళ్ల బండరా అది!" అన్నాడు గుండయ్య. "నాకు వంట నేర్పిన గురువు చేతిది! రాత్రికి మహాగురువుకి గోంగూర పచ్చడి. దేంతో నూరను? నీ తలకాయతోనా?"

"ఆ తలకాయ మెత్తనయ్యా, పనికిరాదు" అంది మాచమ్మ.

గుండయ్య కళ్లు వరస మీద పడ్డాయి. పోయి నాలుకను చేతిలోకి తీసుకున్నాడు. బరువు చూశాడు. తిప్పి చూశాడు. "ఇదెవరిది? పైన ఈ కన్నమేమిటి?"

"గోడకు తగిలించుకోడానికయ్యా. కొత్త రకం. ఇంకా వాడలేదు, దీవెన అయ్యాక..."

"బండ నూరడానికి కాకపోతే పూజకా?"

గుండయ్య రోట్లో వేయించిన గోంగూర, ఎండుమిరప, ఉప్పు వేసి నూరాడు. నూరుతున్నంతసేపు చప్పుడు వేరుగా వచ్చింది. పచ్చడి వేలితో తీసి తన నోట్లో పెట్టుకున్నాడు. మళ్లీ వేలు పెట్టి ఇంకాస్త తీసుకున్నాడు. తర్వాత బండను కడిగి, తుడిచి, తన చేతులతో వరసలో పెట్టాడు.

కొలిమి వెనక నుంచి మాచమ్మ రాజుకు ఒక వేలు చూపింది.

నలభయ్యో రోజు ఉదయం ఐదు గడియలకు మహాగురువు పాకశాలకు వచ్చారు. ఆయనకు డెబ్భై ఆరేళ్లు. నాలుగడుగుల అవతలి మనిషిని గొంతు బట్టే గుర్తుపడతారు. ముందు ఇద్దరు శిష్యులు, వెనక ఒక లేఖకుడు ఉన్నారు. ఆయన దండం గుండిగకు తాకించి "పవిత్రం" అన్నారు. గంగాళానికి తాకించి "పవిత్రం" అన్నారు. జల్లెడ, అట్లకాడ, కవ్వం దాటారు. నాలుక దగ్గర ఆగారు.

"ఇది కొత్తదా?"

"నిన్నటి పచ్చడి దీంతో నూరిందే స్వామీ" అన్నాడు గుండయ్య.

"నిన్నటి గోంగూరా?" మహాగురువు ముఖం విప్పారింది. "అయితే దీనికి రెండుసార్లు." దండం రెండుసార్లు తాకింది. "పవిత్రం, పవిత్రం. మధ్యాహ్నానికీ అదే పచ్చడి చెయ్యి గుండయ్యా. దీంతోనే నూరు."

వరస చివర పనివాళ్లు మోకాళ్ల మీద ఉన్నారు. మహాగురువు వారి తలలకూ దండం తాకిస్తూ వచ్చారు. రాజు దగ్గరికి వచ్చి వంగి చూశారు.

"ఈ ముఖం ఎక్కడో చూశాను. ఎవరి పోలికరా నీది?"

ఆరేళ్ల కిందట ఆ తల మీద కిరీటం పెట్టింది ఆయనే. రాజు తల ఇంకాస్త కిందికి వంచాడు.

"అందరూ అదే అడుగుతారు స్వామీ" అంది మాచమ్మ. "మా అన్న మాత్రం ఆ మాట ఎత్తనివ్వడు."

శిష్యులు దగ్గారు. మహాగురువు గడ్డం నిమురుకుని, దండం రాజు తల మీద పెట్టి "పవిత్రం" అన్నారు. లేఖకుడు రాసుకున్నాడు.

ఆయన అటు వెళ్లగానే మాచమ్మ గుండయ్యను పట్టుకుంది. "అయ్యా, ఆ బండకు పూత అరిగింది. అరగడియ ఇవ్వండి, మళ్లీ పూసి తెస్తా."

"మహాగురువు నోటితో అడిగిన పచ్చడి. దీన్ని ఎవరికీ ఇవ్వను." గుండయ్య నాలుకను చంకలో పెట్టుకున్నాడు.

పండుగ భోజనాలు పదమూడు గడియలకు మొదలయ్యాయి. ముందు అతిథులు, తర్వాత శిష్యులు, ఆఖర్న మహాగురువు తినడం పీఠం ఆచారం. అతిథుల పంక్తికి గుండయ్య పచ్చడి నూరాడు. మాచమ్మ రెండు వేళ్లు చూపింది. శిష్యుల పంక్తికి నూరాడు. మాచమ్మ మూడు వేళ్లు చూపింది. గుండయ్య మళ్లీ గోంగూర రోట్లో పోశాడు. అది మహాగురువుది.

మాచమ్మ అడ్డం పోబోయింది. గరిటె కాడ ఆమెను వెనక్కి నెట్టింది. నాలుగో నూరుడు ముగిసింది. గుండయ్య పచ్చడి వెండి గిన్నెలోకి తీశాడు, వడ్డించేవాడు అందుకున్నాడు. రోటి అంచున సన్నని పచ్చ గీత ఉంది. దాన్ని గుండయ్య చూడలేదు, రాజు చూశాడు. ఒక్క క్షణం ఊరుకుంటే అతడి శత్రువు ఆ పూటతో ఆఖరు.

"ఆగు!" అన్నాడు రాజు.

అది కొలువులో వాడే గొంతు. పద్దెనిమిది గరిటెలు ఆగాయి. వడ్డించేవాడు గిన్నెతో సహా మోకాళ్ల మీద కూలబడ్డాడు. గుండయ్య చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. అవి ఎందుకు జోడించుకున్నాయో అతడు తెల్లబోయి చూసుకున్నాడు.

"ఎవర్రా నువ్వు?"

"వాళ్ల అయ్య గొంతయ్యా, కోపమొస్తే వస్తుంది" అంది మాచమ్మ వెంటనే. "సంతలో గేదెల్ని అదిలించేవాడు. ముందు మీ రోలు చూసుకోండి."

గుండయ్య రోలు చూశాడు. పచ్చ గీత మీద వేలు రాశాడు. ముప్పై ఏళ్లుగా వండుతున్నవాడికి అదేమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. గిన్నె లాక్కుని పచ్చడి బూడిద గుంటలో పోశాడు. మహాగురువుకు ఆ పూట మాగాయ వడ్డించారు. ఆయన సగం అన్నం వదిలేశారు.

భోజనాలు ముగిసి, చాటుగా మాట్లాడే వీలు దొరికేసరికి ఇరవై మూడు గడియలైంది. గుండయ్య నాలుకను గుడ్డలో చుట్టి మాచమ్మ చేతిలో పెట్టాడు.

"దీన్ని కొండ దింపెయ్. పూత వేసే తీసుకురా. ఈ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియకూడదు, అమ్మా."

అంతవరకూ అతడు ఆమెను అమ్మా అనలేదు.

"తేకేం చేస్తానయ్యా. ఒరే పుల్లిగా, పద."

"వాడెక్కడికి? నువ్వు తిరిగొచ్చేదాకా వాడు ఇక్కడే." గుండయ్య మూలనున్న గుమ్మడికాయల వైపు గరిటె చూపించాడు. పంతొమ్మిది ఉన్నాయి. "రాత్రి పులుసుకి అవన్నీ తరగాలి."

మాచమ్మ కదల్లేదు. నాలుక ఆమె చేతిలో ఉంది. రాజు కత్తిపీట ముందుకు లాక్కున్నాడు.

"వెళ్లత్తా. గుమ్మడికాయలేగా."

"చెయ్యి తెగుతుందిరా."

"నిన్న పొద్దున్నే అలవాటైంది."

మొదటి గుమ్మం దగ్గర భటులు ఆమె మూట విప్పించారు. ఒకడు నాలుకను వాసన చూశాడు. "గోంగూర" అన్నాడు. రెండోవాడూ వాసన చూశాడు. "కాస్త మిగిల్చావా అక్కా?" మాచమ్మ లేదంది. పక్కన శంబరాక్షుడు ఎండలో పాత్రను ఆరబెట్టుకుంటూ కూర్చున్నాడు. ఆమెను చూసి చెయ్యి ఊపాడు. ఆమె చివరి మెట్టు దిగేదాకా నడిచింది. తర్వాత పరుగెత్తింది.

ఇరవై ఎనిమిది గడియలకు పాకశాలలో రాజు ఒక్కడే ఉన్నాడు. వంటవాళ్లు ఏట్లో స్నానానికి వెళ్లారు. రాజు పన్నెండో గుమ్మడికాయ మీద ఉన్నాడు. ముక్కలు ఏ రెండూ ఒక్క కొలతలో లేవు.

శంబరాక్షుడు నిజపాత్రను ఉత్తరీయం కింద దాచుకుని లోపలికి వచ్చాడు. పాకశాలలో మంచి నీళ్లు ఉంటాయి, ఈ వేళ మనుషులు ఉండరు. కళాయివాణ్ని అతడు మనిషి కింద జమ కట్టలేదు. తలుపు వేసి, లోపలి గడియ పెట్టి, పాత్ర గట్టు మీద ఉంచి అందులో కడవ నీళ్లు పోశాడు. కళ్లు మూసుకుని వంగాడు. కళ్లు తెరిచాడు.

నక్కే ఉంది. పాత్ర తోమాక మీసాలు కూడా స్పష్టంగా కనబడుతున్నాయి.

మాంత్రికుడు నిట్టూర్చాడు. అంతలో నక్క భుజం మీదుగా నీళ్లలో మరో ముఖం వచ్చింది. దాని తల మీద కిరీటం ఉంది. మీసం ఉంది. రాజు కుతూహలం ఆపుకోలేక వెనక నుంచి తొంగిచూశాడు.

"చిలుము కాదన్నమాట" అన్నాడు రాజు.

శంబరాక్షుడు గిర్రున తిరిగాడు. "నువ్వు... మీరు..." నోరు తెరిచాడు, కేక వేయడానికి.

"పిలువు. అందరినీ పిలువు. ఎవరూ నీ మాట నమ్మరు, పాత్ర చూపించాలి. నేనొక్కణ్నే వంగను. నీ మెడ పట్టుకుని మరీ వంగుతాను."

మాంత్రికుడు నోరు మూశాడు. నీళ్లలోకి చూశాడు. రాజు కిరీటం, తన చెవులు పక్కపక్కనే ఉన్నాయి.

"ఇంకోటి" అన్నాడు రాజు. "వెలివేసిన రాజును మహాగురువే ఈ ఉదయం పవిత్రం చేశారని కూడా వాళ్లతో నువ్వే చెప్పాలి. లేఖకుడు రాసుకున్నాడు."

శంబరాక్షుడు అరచెయ్యి నీళ్ల మీద కప్పి, గట్టుకు ఆనుకున్నాడు. "ఏం కావాలి మీకు?"

"ముందు, గుమ్మడికాయ ఎలా తరుగుతారో తెలుసా?"

కిటికీలో నుంచి పొద్దు కనబడుతోంది. కుంకడానికి అరగడియ ఉంది. గాలి కంకణపురం వైపు నుంచి వీస్తోంది.

మొదటి మోత అప్పుడు వినబడింది. వెనకే రెండోది. కంకణపురంలో లెక్కపెట్టినవారు మొత్తం నలభై అన్నారు. మాచమ్మ బురుజు నూట పన్నెండు మెట్లూ ఎక్కి, కన్నంలో కొక్కెం వేసి, నాలుకను తనే తగిలించింది. దాన్ని కడగడానికి వేళ లేకపోయింది.

ఏనుగుమల మీద నడవలన్నీ నిశ్శబ్దమయ్యాయి. తర్వాత పరుగులు వినబడ్డాయి. మహాగురువు తన గదిలో నుంచి బయటికి వచ్చి, గంట వైపు కాక, దండం వైపు చూసుకున్నారు. ఆ నలభై రోజుల్లో ఆ దండం తాకింది ఒక్క పాకశాలనే. తన దండమే నాదబంధం తెంచిందని ఎవరికీ తెలియకముందే, శిష్యులను అక్కడే ఉండమని ఆయన ఒంటరిగా మెట్లు దిగారు.

లోపల రాజు, మాంత్రికుడు కత్తిపీటకు అటూ ఇటూ కూర్చుని ఉన్నారు. ఏడు గుమ్మడికాయలు మిగిలాయి.

తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి. అవి చేతి దెబ్బలు కావు, దండం దెబ్బలు. లోపలి గడియ వేసే ఉంది.